మొదటి ముక్క

ఆగస్టు 28, 1974
మన ఇల్లు, నది ఒడ్డు

పెలాగియా అక్కకి,

నీ తుంటి ఎముకలో ఇనుప మేకు వేసి బిగించారని మెయిలు విమానం పైలట్ చెప్పాడు. అంత మేకు వేసినా నోరు మాత్రం బిగియలేదని, ఆంకరేజ్ ఆసుపత్రి నర్సులందరినీ హడలగొడుతున్నావని కూడా చెప్పాడు. అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

అమ్మ బాగుంది. అదే, ఆన్ఫీసా. నీ మనవరాలికి మన అమ్మ పేరు పెట్టిన దగ్గర్నుంచి నా నోట్లోంచి వేరే మాట రాదు కదా. నిన్న బడిలో "అమ్మా, ఇలా రా" అని పిలిస్తే కొత్త టీచరమ్మ గుడ్లప్పగించి చూసింది. "తొమ్మిదేళ్ళ పిల్లకి మీరు కూతురా?" అంది. "అవునమ్మా, కాస్త ముదిరిన కూతుర్ని" అన్నాను. పాపం, అమెరికా అటు కొసనుంచి వచ్చింది. పోయినవాళ్ళ పేరు పెట్టుకున్న పిల్లలు మనకి ఏమవుతారో ఆమెకి ఎలా తెలుస్తుంది?

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం పళ్ళ డాక్టరు వచ్చాడు. నా వంటగదిలోనే కుర్చీ వేసుకుని, రెండు రోజుల్లో అరవై ఒక్క పళ్ళు పీకాడు. నలభై రెండు మంది పిల్లలకి అరవై ఒక్క పళ్ళు, అక్కా. నా సూపు గిన్నె తీసుకుని అందులో వేశాడు. గలగలమని చప్పుడు. అందులో మూడు అమ్మవి. తర్వాత మన ఆరోగ్య కార్యకర్త ఈవాన్ పిల్లల వేళ్ళు పొడిచి రక్తం చూశాడు. సగం మందికి రక్తం నీళ్ళలా ఉందట.

ఆ గిన్నె కడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. పదేళ్ళుగా ఆ బడిలో నేను చేస్తున్న వంటేమిటి? ప్రభుత్వం పంపిన డబ్బాలు కోసి వేడిచెయ్యడం. డబ్బా సాసేజీలు, పంచదార పాకంలో పియర్ ముక్కలు, పొడి పాలు. పిల్లలు పాకం తాగేసి మిగతాది కుక్కలకి వేస్తారు. బడి వదలగానే కొట్టుకి పరిగెత్తి సోడా డబ్బాలు కొనుక్కుంటారు. గుమ్మం ముందు నది నిండా చేప. గుమ్మం వెనక టండ్రా నిండా పళ్ళు. మధ్యలో మన పిల్లలు పళ్ళూడి కూర్చున్నారు.

ఆ కోపంలోనే ఏప్రన్ విప్పకుండా హెడ్మాస్టారు హాల్వర్సన్ గదిలోకి వెళ్ళాను. "వారానికి ఒక్కరోజు మన తిండి పెడతాను" అన్నాను. ఆయన చాలాసేపు పెన్సిలు కొరికి, "సరే ఓలింకా, కానీ శుభ్రంగా ఉండాలి" అన్నాడు. పదేళ్ళలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం ఇదే మొదలు. వారం వారం ఏం పెట్టాలో నువ్వు చెప్పు. నీ బుర్ర, నా చేతులు.

నీ వేలు పట్టుకుని నడక నేర్చిన
ఓలింకా


సెప్టెంబరు 6
ఆంకరేజ్, ఆసుపత్రి, మూడో అంతస్తు

చెల్లీ ఓలింకా,

పళ్ళ సంగతి చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. ముట్టినా పెద్ద లాభం లేదనుకో. ఇక్కడ పళ్ళెంలో ఎర్రగా, వణుకుతూ ఒక పదార్థం పెడతారు. చెంచాతో తాకితే అదే భయపడి పక్కకి జరుగుతుంది. నా పక్క మంచం మట్రోనా, అవతలి నది మీద ఊరామె, రోజూ దానికి దణ్ణం పెట్టి వెనక్కి పంపుతుంది. మేమిద్దరం కిటికీలోంచి కార్ల వరస చూస్తూ ఎండుచేప గురించి మాట్లాడుకుంటాం. నోట్లో నీళ్ళూరి నర్సుని పిలవాల్సి వస్తుంది.

నువ్వు చేసింది మంచి పని. అయితే పిల్లలకి తిండి గురించి ఉపన్యాసాలు చెప్పకు. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తారు. వాళ్ళచేత పని చేయించు. చేప వాళ్ళనే కోయనీ. పళ్ళు వాళ్ళనే ఏరనీ. చేతులు నొప్పెట్టి, ఆకలేసి, అప్పుడు తింటే ఆ రుచి చచ్చేదాకా మర్చిపోరు. అమ్మ మనకి నేర్పిందలాగే కదా. మొదట ఎండుచేప పెట్టు, సీల్ కొవ్వు నూనెలో ముంచి. తర్వాత పళ్ళూ కొవ్వూ కలిపి అకుటక్. ఆ తర్వాత చేప పులుసు.

పులియబెట్టిన చేప తలల జోలికి మాత్రం పోకు. అది అమ్మ చెయ్యి, అమ్మ తర్వాత నా చెయ్యి. నీ పెళ్ళయిన ఏడాది నువ్వు చేసిన తలలు నాన్న ఆహా ఓహో అని, నువ్వటు తిరగ్గానే కుక్కకి పెట్టాడు. ఆ కుక్క కూడా నాన్న మొహం చూసి తిన్నది. ఇన్నాళ్ళకి చెప్తున్నాను, నవ్వుకో.

ఆన్ఫీసాకి కొత్త పన్ను వస్తోందా? నా కూతురు పోతూ పోతూ నా ఒళ్ళో పెట్టిన పిల్ల. నాకు ఈ లోకంలో మిగిలింది అదీ నువ్వూ. దాని మెడకి గుడ్డ చుట్టకుండా పంపకు. దాని పాదాలు తడవనివ్వకు. నా కుక్కకి నువ్వు మిగిల్చింది కాదు, మంచిది పెట్టు.

మంచానికి కట్టేసినట్టున్న
పెలాగియా


సెప్టెంబరు 14
మన ఇల్లు

అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న బడి పిల్లలందరినీ టండ్రా మీదికి తోలుకుపోయాను. ఆడపిల్లలు బకెట్లతో, మగపిల్లలు టోపీలతో పళ్ళు ఏరారు. వర్షంలో తడిసి, ఆకలికి నకనకలాడుతూ వచ్చారు. అకుటక్ పెట్టాను. గిన్నె నాకేశారు అక్కా! హెడ్మాస్టారు కూడా రెండుసార్లు పెట్టించుకున్నాడు. అందులో ఏం కలిసిందో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఎండుచేప రోజున మాత్రం చిన్న గొడవైంది. కొట్టు యజమాని కొడుకు లేచి, "ఇది ముసలోళ్ళ తిండి, నాకొద్దు" అన్నాడు. నాకు చర్రుమంది. ఈలోగా అమ్మ వాడి పక్కకి వెళ్ళి కూర్చుంది. "ఒక్క ముక్క తిను. నచ్చకపోతే నా ముక్క కూడా నా మొహాన కొట్టు" అంది. వాడు తిన్నాడు. ఇప్పుడు బడిలో అదే చట్టం. ఏది పెట్టినా ఒక్క ముక్క తినాల్సిందే, ఆ తర్వాతే వద్దనాలి. అచ్చం అమ్మ మాటే కదూ? కొట్టులో సోడా అమ్మకం పడిపోయిందని యజమాని నాతో మాట్లాడ్డం మానేశాడు. మానేస్తే మానేశాడు.

ఇంకో కబురు. జిల్లా బడుల అధికారి అక్టోబరు పదకొండున వస్తున్నాడు. ఆయన తిని బాగుందంటే మన బడిలో వారానికి మూడు రోజులు మన తిండే. నది పొడుగునా ఉన్న మిగతా నాలుగు బడుల్లో కూడా. ఆరోజు ఊరి పెద్దవాళ్ళందర్నీ పిలుస్తాం. అందుకని పులిసిన తలలు చేస్తున్నాను. పిల్లలు మన తిండి అంతా నేర్చుకుని, అసలైనది నేర్చుకోకపోతే ఎలా? నదిలోకి చివరి సాల్మన్ చేపల గుంపు వచ్చింది. నలభై తలలు కోశాను.

తలలు పాతడానికి గుంట తవ్వబోతుంటే హెడ్మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "మట్టిలోంచి తీసింది పిల్లల పళ్ళెంలోకి రాకూడదు. అధికారి చూస్తే మన పని అయిపోయినట్టే. మూతున్న శుభ్రమైన డబ్బాలో చెయ్యి" అన్నాడు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. బడికి మయోనీస్ వచ్చిన తెల్ల ప్లాస్టిక్ బకెట్లు రెండు ఉన్నాయి. మరిగే నీళ్ళతో మూడుసార్లు కడిగాను. తలలు వేసి, మూత మీదెక్కి నిలబడి బిగించాను. ఈగ కాదు కదా, గాలి కూడా దూరదు. అమ్మ చూస్తే ముచ్చటపడేది.

నాన్న సంగతి చదివాను. నవ్వుకోమన్నావు. నలభై ఏళ్ళు దాచిపెట్టుకుని, ఊరంతా నన్ను మెచ్చుకుంటున్నప్పుడే గుర్తొచ్చిందా నీకది?

నీ కుక్క బలిసింది.

ఓలింకా


సెప్టెంబరు 23
ఆంకరేజ్

ఓలింకా,

ముందు ఆ మూత తీసెయ్. ఇది చదవడం ఆపి, వెళ్ళి తీసి, తర్వాత మిగతాది చదువు.

ఎందుకని అడిగితే నాకు తెలియదు. అమ్మ ఎప్పుడూ మూత పెట్టలేదు, అంతే. చల్లటి నేలలో గుంట తవ్వేది. చుట్టూ పొడుగు గడ్డి పరిచేది, పైన గడ్డి కప్పేది, దానిమీద నాచు. గడ్డి ఎందుకని నేనొకసారి అడిగితే, "చేప ఊపిరి తీసుకోవాలి కదే, దాని నోరు నొక్కేస్తే దానికి కోపం రాదూ?" అంది. నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నీ ఉత్తరం మట్రోనాకి చదివి వినిపించాను. "ప్లాస్టిక్ బకెట్టా?" అని లేచి కూర్చుని, ఆ ముక్క మళ్ళీ చదవమంది.

తలలు పారెయ్. నేను వచ్చాక వచ్చే వేసవిలో ఇద్దరం కలిసి చేద్దాం. అధికారికి ఎండుచేప పెట్టు, అకుటక్ పెట్టు, చాలు. ఊరంతా మెచ్చుకుంటోందని నువ్వు గాలిలో తేలుతున్నావు. నేల మీదికి దిగు. నువ్వు వినకపోతే నేను హెడ్మాస్టారుకే రాస్తాను, నా చెల్లెలికి ఈ పని చేతకాదని.

నాన్న సంగతి సరదాకి రాశాను. నీకు ముక్కుమీద కోపం. చిన్నప్పుడూ అంతే.

నిన్నటినుంచి నన్ను కర్రతో నాలుగడుగులు వేయిస్తున్నారు. ఆన్ఫీసాని ముద్దు పెట్టుకో.

పెలాగియా


సెప్టెంబరు 30
మన ఇల్లు

అక్కగారికి,

నీ ఉత్తరం అందింది. రాసెయ్, హెడ్మాస్టారుకి రాసెయ్. పదేళ్ళు ఆయన బడిలో గిన్నెలు తోమాను. ఆయన కళ్ళకి నేను ఇప్పుడే కనిపిస్తున్నాను. ఆయన ముందు నా సొంత అక్కే నా చేతులు పనికిరావని రాస్తే నేను ఎక్కడ తలపెట్టుకోవాలి? బయటివాళ్ళు అన్నప్పుడు పడ్డాను. నువ్వు అంటే పడను.

నాకు అర్థమైంది. తలలు అంటే అమ్మ తర్వాత నువ్వే. నువ్వు లేకుండా ఊళ్ళో ఎవరూ చెయ్యకూడదు. చేస్తే నీ పేరు పోతుంది. నువ్వు మంచంలో ఉంటే మేమంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి. గడ్డిలో చేస్తేనే పవిత్రం, కడిగిన బకెట్లో చేస్తే తప్పు. చేపకి కోపం వస్తుందట! నీ మాట విని పారేస్తే, పిల్లలకి మళ్ళీ ఆ డబ్బా పియర్లే గతి. వాళ్ళ పళ్ళు నువ్వు చూడలేదు, నేను చూశాను.

మూత తియ్యలేదు. తియ్యను. ఈ ఏడు చలి ముందే వచ్చి తలలు పులవడమే లేదు. పదకొండో తారీఖుకి అందవు. అందుకని బకెట్లు బడిని వేడిచేసే బాయిలర్ గదిలో పెట్టాను, గొట్టం పక్కనే, వెచ్చగా. ఇప్పుడు బాగా పని చేస్తున్నాయి. మొన్న వెళ్ళి చూస్తే మూతలు పైకి ఉబ్బి ఉన్నాయి. పిల్లలు వాటికి కడుపొచ్చిందని నవ్వారు. మీద చెరో రాయి పెట్టాను. రాత్రి గాలి లేనప్పుడు ఆ గదిలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వినిపిస్తోందని కావలివాడు అంటాడు. రాయి కదులుతోందేమో.

నీ కుక్క నా వెనకే బాయిలర్ గది దాకా వచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయి మూలిగింది. దానిక్కూడా నీ బుద్ధులే.

అమ్మ బాగుంది. నీ గురించి అడుగుతుంది. చెప్తాను.

నది అంచులు అప్పుడే గడ్డకడుతున్నాయి. పదకొండో తారీఖున అధికారిని తెచ్చే విమానమే ఈ ఏటికి నీళ్ళమీద దిగే చివరిదని పైలట్ అంటున్నాడు. ఆ తర్వాత మంచు గట్టిపడేదాకా, ఎన్ని వారాలో, ఎవరూ రారు, ఎవరూ పోరు. ఉత్తరాలు కూడా ఉండవు. మంచిదే అయింది.

ఓలింకా


అక్టోబరు 5
ఆంకరేజ్

నా చిన్న చెల్లీ,

నా మీద ఎంత కోపమున్నా ఇది మొత్తం చదువు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది నా పేరు గురించి కాదు. నీ చేతుల గురించీ కాదు.

గురువారం నాడు తీరప్రాంతం నుంచి ఒక తల్లినీ ఇద్దరు కొడుకులనీ విమానంలో తెచ్చారు. పక్క గదిలో పెట్టారు. వాళ్ళతో వచ్చిన మేనత్త వరండాలో కూర్చుని ఏడుస్తుంటే కర్ర పట్టుకుని వెళ్ళి అడిగాను. పులిసిన తలలు తిన్నారట. గుంటలోవి కాదు, ప్లాస్టిక్ బకెట్లోవి. మూత బిగించి, పొయ్యి పక్కన పెట్టారట, త్వరగా అవ్వాలని. అదే మాట, ఓలింకా. నువ్వు రాసిన మాటే.

డాక్టరుని పట్టుకుని అడిగాను. గాలి ఆడని చోట, వెచ్చగా ఉంటే, చేపలో దానంతటదే విషం పుడుతుందట. ఎంత కడిగినా పోదట. వాసనలో తెలియదు. రుచిలో తెలియదు. చిన్న ముక్క చాలట. అమ్మ గుంట చల్లగా ఉండేది, గడ్డిలోంచి గాలి ఆడేది. అమ్మకి ఎందుకో తెలియకపోయినా ఎలాగో తెలుసు.

తిన్న రోజు ఏమీ ఉండదు. మర్నాడు మొదలవుతుంది. ఒక్కటి రెండుగా కనిపిస్తుంది. నోరెండిపోతుంది. కనురెప్పలు వాలిపోతాయి. మాట ముక్కులోంచి వస్తుంది. నీళ్ళు మింగుడు పడవు, ముక్కులోంచి వచ్చేస్తాయి. జ్వరం ఉండదు. తెలివి పోదు. అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఆఖరున ఊపిరి తీసే బలం పోతుంది. మందు ఉంది, కానీ మొదట్లోనే ఎక్కించాలి. చిన్న కొడుక్కి ఎక్కించారు, గొట్టంతో ఊపిరి పోస్తున్నారు. పెద్దవాడి సంగతి చెప్పలేమంటున్నారు. తల్లి ఈ పొద్దున పోయింది. పోయేముందు దాకా కళ్ళు తెరవలేకపోయినా చేత్తో కొడుకుల కోసం తడుముతూనే ఉంది.

రేడియోలో మన ఊరిని పిలవమని నర్సుని బతిమాలాను. మూడు రోజులుగా మన ఊరినుంచి జవాబు లేదట, గాలివానకి స్తంభం పడిపోయిందేమో అంటున్నారు. రోజూ పిలవమన్నాను. అందుకే ఈ ఉత్తరం పైలట్‌కి మనిషిచేత పంపిస్తున్నాను.

ఆ బకెట్లు మూత తియ్యకుండా తీసుకెళ్ళి పాతిపెట్టు. కుక్కకి కూడా పెట్టకు. నలభై రెండు మంది పిల్లలు, ముసలాళ్ళు. వాళ్ళందరి పళ్ళేల్లో నీ చేత్తో పెట్టబోతున్నావు.

ఇంకో సంగతి నన్ను చంపేస్తోంది. మన ఇంట్లో మొదటి ముక్క ఎవరిదో నాకు తెలుసు. అమ్మకి పెట్టకుండా ఎవరం ముట్టేవాళ్ళం కాదు. ఇప్పుడు అమ్మ పేరు ఎవరిదో నీకు తెలుసు. పెట్టకు, ఓలింకా. ఆ పిల్లకి పెట్టకు.

నీకు పని చేతకాదని నేనెందుకన్నాను? నువ్వు చేసిన అకుటక్ నాకంటే బాగుంటుంది. ఎప్పుడూ బాగానే ఉండేది. చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

నీ అక్క
పెలాగియా


అక్టోబరు 10
బడి వంటగది

అక్కా,

పైలట్ మంగళవారం నీ ఉత్తరం నా చేతికే ఇచ్చాడు. మందంగా ఉంది. ఇంత మందంగా తిట్టావా అనుకుని విప్పకుండా దేవుడి పటం వెనక పెట్టేశాను. రేపు అంతా అయ్యాక, అధికారి మెచ్చుకున్నాక, అప్పుడు విప్పి నవ్వుకుంటానని శపథం పట్టాను. కానీ రెండు రోజుల్నుంచి ఆ పటం వైపు చూసినప్పుడల్లా అందులోంచి నువ్వు తొంగిచూస్తున్నట్టే ఉంది. అందుకే ముందు నేనే రాస్తున్నాను. రేపటి విమానంలో వెళ్తుంది, ఆఖరి విమానం.

ఊళ్ళో అంతా సిద్ధం. టేబుళ్ళు కలిపి వేశాం. పిల్లలు చేపల బొమ్మలు గీసి గోడలకి అంటించారు. పడిపోయిన రేడియో స్తంభం కూడా ఈ పొద్దున్నే మగవాళ్ళు నిలబెట్టారు.

నిన్న మధ్యాహ్నం బకెట్ ఒకటి తెరిచాను. రాయి తియ్యగానే మూత దానంతటదే ఎగిరింది. అక్కా, ఆ వాసన! అచ్చం అమ్మ గుంట వాసన. నలభై ఏళ్ళ తర్వాత నాకు వచ్చింది ఆ చెయ్యి. తలల్లోని లేత ఎముక జున్నులా మెత్తగా అయింది. నేను ముట్టలేదు, పిల్లలందరికీ వడ్డించాకే నేను. కానీ మొదటి ముక్క అమ్మది కదా. బడి గంట కొట్టగానే పిలిచి, కుర్చీ మీద కూర్చోబెట్టి, అమ్మకి పెట్టినట్టే రెండు చేతులతో పెట్టాను. కళ్ళు మూసుకుని తిన్నది. "బాగా వచ్చిందే, ఓలింకా" అంది, పేరు పెట్టి, అచ్చం అమ్మలాగే. ఆట పట్టించిందిలే. నేను మాత్రం పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. నీకూ చూపించాలనిపించింది.

ఇందాక దాన్ని టీచరమ్మ వంటగదిలోకి పంపేసింది. పుస్తకంలో అక్షరాలు రెండు వరసలుగా ఉన్నాయని చదవనంటోందట. ఎగ్గొట్టడానికి ఎన్ని వేషాలో! గుమ్మంలో నిలబడి నన్ను చూసి, "చిన్నమ్మమ్మా, నువ్వు ఇద్దరున్నావు" అంది. "మంచిదేగా, ఒకత్తి వండుతుంది, ఒకత్తి గిన్నెలు తోముతుంది" అన్నాను. ఇద్దరం నవ్వాం. నోరెండిపోతోందంటే పాలు ఇచ్చాను, నవ్వుతూ తాగి ముక్కులోంచి తెచ్చుకుంది. ఇప్పుడు నా పక్కనే బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. నిద్ర లేదేమో, రెప్పలు వాలిపోతున్నాయి. రేపటి హడావిడి పిల్లలకి కూడా ఎక్కువే.

"అమ్మమ్మ ఏం రాసింది?" అని అడుగుతోంది. జలుబు చేసినట్టుంది, ముక్కుతో మాట్లాడుతోంది. ఇంకా విప్పలేదంటే, "నా కోసం విప్పవా?" అంది. అమ్మ అడిగితే కాదనడం నావల్ల కాదు. ఇల్లు రెండడుగుల్లో ఉంది, వెళ్ళి తెస్తాను. నువ్వు తిట్టిందంతా దానికి చదివి వినిపించి, జవాబు ఇందులోనే రాస్తాను.


అక్కా

చదివాను

ఈవాన్ రేడియోలో పిలిచాడు. రెండోసారికి పలికారు. మందు విమానంలోనే పంపుతారట. పైలట్ ఇప్పుడే బయల్దేరుతున్నాడు, రేపటిదాకా ఆగడు. నది నడుమ మంచు రేకులు కలుస్తున్నాయి. దిగడానికి నీళ్ళుంటేనే దిగుతానన్నాడు.

ఊరంతా నది మీద ఉంది. మగవాళ్ళు పడవల్లో నిలబడి గునపాలతో, గొడ్డళ్ళతో మంచు పగలగొడుతున్నారు. కొట్టు యజమాని మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. హెడ్మాస్టారు పార పట్టుకుని పక్కనే ఉన్నాడు, ఏడుస్తున్నాడు, నావైపు చూడటం లేదు. పగలగొట్టిన వెనకే మళ్ళీ పొర కడుతోంది. పిల్లలు నలభై ఒక్కమంది ఒడ్డున వరసగా నిలబడ్డారు. ఎవరూ తినలేదు. ఒక్కొక్కరి నోరు తెరిపించి అడిగాను. ఎవరూ తినలేదు అక్కా. బకెట్లు రెండూ పాతిపెట్టేశాం.

అమ్మ నా ఒళ్ళో ఉంది. దానికి అంతా తెలుస్తోంది. మింగలేకపోతోంది, ఉమ్మి తుడుస్తున్నాను. కళ్ళు తెరవలేక వేలితో రెప్ప ఎత్తి నన్ను చూసింది. "నేను ఒక్క ముక్కే తిన్నాను కదా" అంది. నేను నేర్పిన చట్టమే. ఒక్క ముక్క తినాల్సిందే అని.

విమానంలో రెండు చోట్లే ఉన్నాయి. ఒకటి అమ్మకి. ఇంకోటి ఈవాన్‌కి, ఊపిరి ఆగితే పోయడానికి. నాకు లేదు. మంచు గట్టిపడేదాకా నాకు ఏ కబురూ అందదు. రేడియో దగ్గర కూర్చుంటాను.

నిన్ను ఏమీ అడగను. అడిగే మొహం లేదు. ఏదో మోత వినిపిస్తోంది, విమానమో, మంచు విరుగుతోందో. ఈ కాగితం అమ్మ కోటు జేబులో పెడుతున్నాను.

ఇది నీ చేతిలో ఉందంటే విమానం దిగినట్టే, మళ్ళీ లేచినట్టే. అమ్మ ఆ ఆసుపత్రిలోనే, నీ కిందే ఎక్కడో ఉంది. చదవడం ఆపు. కర్ర తీసుకుని వెళ్ళు.

ఓలింకా